నమూనా పౌరుడికి కంటి ఆపరేషన్

ఇకమీదట ప్రభుత్వం రెప్ప వేయదని ఆరోగ్య మంత్రిగారు ప్రకటించారు. ఫొటోగ్రాఫర్లు తృప్తిపడేదాకా తాము కూడా రెప్ప వేయకుండా నిలబడ్డారు. పక్కనున్న కార్యదర్శిగారు తాను మాత్రం ఎలా వేయడమని బిగబట్టి, చివరికి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మర్నాడు పేపర్లలో అది పేదలపట్ల కరుణగా అచ్చయింది.

సంగతేమిటంటే, కంటి ఆపరేషన్లకోసం జనం పెద్దాస్పత్రి ముందు పొద్దున్నే వరస కట్టేవారు. మంత్రిగారు ఆఫీసుకు వెళ్ళే దారి అదే. రోజూ కారులోంచి ఆ వరస చూడటం ఆయన మనసుకు కష్టంగా ఉండేది. మనసున్న మనిషి కనుక వరసను యాప్‌లోకి మార్పించారు. యాప్ పేరు తేటచూపు. ఆపరేషన్ కావలసినవారు ఫోన్లో తారీకు తీసుకుని, ఆ తారీకుకు వస్తే సరిపోతుంది. వరస మాయమైంది. ఇప్పుడు కారులోంచి చూస్తే రెండు పూలకుండీలు, ఊడ్చిన మెట్లు కనిపిస్తాయి.

యాప్ క్లౌడ్‌లో ఉంటుంది. క్లౌడ్ అంటే ఎక్కడో చల్లటి గదుల్లో అద్దెకు తీసుకున్న కంప్యూటర్లు. మంత్రిగారు ఆ మాట అన్నప్పుడల్లా ఆకాశం వైపు వేలు చూపించేవారు. సభలో జనం కూడా భక్తిగా పైకి చూసేవారు.

దాన్ని కనిపెట్టి ఉండటానికి ఒక హాలు తీసుకుని, ఎదురెదురు గోడలకు రెండు పెద్ద తెరలు బిగించారు. రెండు కంపెనీలవి, రెండూ పరీక్ష మీదే. ఎడమ తెర చూసేది కంప్యూటర్ల ఆరోగ్యాన్ని. దాన్ని ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ మానిటరింగ్ అంటారు. కుడి తెర చూసేది యాప్ పనితనాన్ని. మనిషి బటన్ నొక్కాక పని జరిగిందా, ఎంతసేపు పట్టింది, ఎక్కడ చిక్కుకుపోయింది అని. దాన్ని అప్లికేషన్ పెర్ఫార్మెన్స్ మానిటరింగ్ అంటారు. రెంటిలో ఒక్కదాన్నే ఉంచాలి. ఎందుకంటే మిగతా రెండు గోడలకూ కిటికీలున్నాయి. మంత్రిగారి నిలువెత్తు ఫొటోకు ఒక గోడ కావాలి.

ఈ హాలుకు ఒక తెరల ఆఫీసరున్నాడు. ఆఫీసరు అన్నది తలుపు మీద పలక చెప్పే మాట. చేసే పని కుర్చీలో కూర్చుని తెరలు చూడటం, రంగు మారితే ఫోన్ చేయడం. నెమ్మదైన మనిషి. పై అధికారి ఫోన్లో మాట్లాడుతున్నా లేచి నిలబడతాడు. అతని చొక్కా జేబు మాత్రం లోపలివైపు ఉండేది. పెన్ను పెడితే పొట్ట మీదికి జారేది. ఆ జేబు కుట్టింది అతని మామగారు.

మామగారు దర్జీ. ఊళ్ళో సగంమంది పెళ్ళిబట్టలు ఆయన చేతిమీదుగా పోయినవే. ఇప్పుడు ఒక కన్ను పూర్తిగా మసకబారింది, రెండోదానికి పొర ముదిరింది. అయినా కూతురింటి ముందుగదిలో మిషను మీంచి లేవడు. చేత్తో తడిమి కుడతాడు. పొరను ఈ నెలలోపు తీయకపోతే తరవాత తీసినా లాభముండదని పెద్దాస్పత్రి డాక్టరు చెప్పాడు. ప్రైవేటు ఆస్పత్రి మెట్లెక్కే స్తోమత ఆ ఇంటికి లేదు. కనుక తేటచూపే దిక్కు.

ఆదివారం భార్యాభర్తలు మామగారిని కుర్చీలో కూర్చోబెట్టి ఫోను ఎదురుగా నిలిపారు. యాప్ ముందుగా నాలుగు వంకర అక్షరాలు చూపించి, చదివి పైకి చెప్పమంటుంది. రోగే చెప్పాలి. పక్కన ఇంకో ముఖం కనిపిస్తే ఆగిపోతుంది. దళారులు చొరబడకుండా మంత్రిగారు స్వయంగా చేయించిన ఏర్పాటు అది.

"ఈ అక్షరాలు చదవగలిగినవాడికి ఆపరేషన్ దేనికండీ?" అంది కూతురు.

"అది పాలసీ," అన్నాడు ఆఫీసరు.

"పాలసీ సంగతి మీ హాల్లో చూసుకోండి. నేను బల్లకింద దూరతాను." దూరింది. అక్కణ్ణించి గుసగుసగా అక్షరాలు అందించింది. ముసలాయన పద్యం అప్పజెప్పినట్టు చెప్పాడు. యాప్ మెచ్చుకుంది. రెండు కళ్ళూ పూర్తిగా తెరిచి కెమెరాకేసి చూడమంది. చూశాడు.

"మీ కెమెరా అద్దం మసకగా ఉంది. తుడిచి మళ్ళీ ప్రయత్నించండి," అంది యాప్.

కూతురు చీర చెంగుతో ఫోను తుడిచింది. మళ్ళీ అదే మాట. మూడోసారి ఆఫీసరు కొత్త గుడ్డ తెచ్చి తుడిచాడు.

"ఏమయ్యా అల్లుడూ, మసక దాని అద్దంలో లేదు, నా కంట్లో ఉందని చెప్పు దానికి."

"చెప్పడానికి వీలుండదు మామయ్యా. అది అడుగుతుంది, మనం జవాబివ్వాలి."

"మీ పెద్దాఫీసరు కూడా అంతేగా. దీన్ని ఆయన దగ్గరే పెంచినట్టున్నారు."

కాసేపటికి తెరమీద ఒక చక్రం తిరగడం మొదలుపెట్టింది. వంట అయ్యేదాకా తిరిగింది. తిరిగి తిరిగి ఆగిపోయింది. ఆ క్షణాన హాల్లో కుడి తెర మీద ఒక ఎర్ర చుక్క వెలిగింది. అప్పటికే వెలిగిన వేల చుక్కల్లో అదేదో పోల్చుకోవడం ఎవరివల్లా కాదు.

మంత్రిగారు తెరలు చూడటానికి వచ్చారు. ఎడమ గోడ నిండా పచ్చ. కుడి గోడ నిండా ఎరుపు.

"ఎడమది ఏమంటోంది?"

ఎడమ కంపెనీ తరఫున టై కట్టుకున్నతను వచ్చాడు. "కంప్యూటర్లు భేషుగ్గా ఉన్నాయి సార్. వేడి లేదు, భారం లేదు, జాగాకు కొదవ లేదు. ఇంత చల్లని కంప్యూటర్లు మా కంపెనీ ఇంతవరకూ చూడలేదు."

"ఎలా సాధ్యమైంది?"

"పని లేక సార్..." అన్నాడు టైవాలా. కార్యదర్శిగారు దగ్గారు. "పని చేస్తున్నట్టు తెలియనివ్వవు సార్," అని దిద్దుకున్నాడతను.

"అదీ నిరాడంబరత," అన్నారు మంత్రిగారు. "కుడిది?"

కుడి కంపెనీ తరఫున వచ్చిన అమ్మాయికి ఇంకా లోకం తెలియదు. "ఒక్కో చుక్క ఒక్కో మనిషి సార్. ఎర్ర చుక్క అంటే బుకింగ్ కాని మనిషి. పచ్చ చుక్క అంటే అయిన మనిషి."

"పచ్చ చుక్క ఏదీ?"

"రావాలి సార్."

మంత్రిగారు ఆ గోడను జాలిగా చూశారు. "ఈ తెర పాడైంది. మంచి తెర పక్కన పెట్టినా నేర్చుకోలేదు. నా ఫొటో ఇక్కడే పెట్టండి."

అయితే ప్రజాస్వామ్యం కనుక ఊరికే తీసేయకుండా పోలిక కమిటీ వేశారు. కార్యదర్శిగారు, చీఫ్ ఇంజనీరు, పౌరసంబంధాల అధికారి సభ్యులు. పోల్చడానికి అంశాలు వాళ్ళే ఎంచారు. కంటికి హాయి: ఎడమ తెరకు పూర్తి మార్కులు. ప్రభుత్వంపట్ల వైఖరి: ఎడమ తెరది సానుకూలం, కుడి తెరది అనుమానాస్పదం. సందర్శకులు అడిగే ప్రశ్నలు: ఎడమ తెర దగ్గర ఏమీ లేవు, కుడి తెర దగ్గర తలకు మించినన్ని. ఇంజనీరుగారు ఒక్క సాంకేతిక అంశమైనా ఉండాలని పట్టుబట్టడంతో, రెండు తెరల అంచులకూ చెక్క ఏ రకమో రాసుకున్నారు.

తెరల ఆఫీసరు అభిప్రాయం కూడా అడిగారు. అడుగుతారని అతను అనుకోలేదు. జేబులోంచి పొట్టమీదికి జారిన పెన్ను పట్టుకుని లేచాడు.

"బస్సుందనుకోండి సార్. ఇంజను బాగుందా, టైర్లలో గాలుందా అని చూసేది ఎడమ తెర. ఎక్కినవాళ్ళు ఊరు చేరారా అని చూసేది కుడి తెర. మన బస్సు ఇంజను బ్రహ్మాండంగా ఉంది సార్. డిపోలోంచి కదల్లేదు, అందుకని."



"రవాణా శాఖకు బదిలీ కావాలంటే తిన్నగా అడుగు, సందు చూసి ఉపమానాలు చెప్పకు," అన్నారు కార్యదర్శిగారు.

కమిటీ లేచాక ఆయనే భుజంమీద చెయ్యి వేశారు. ఆఫీసరు మామగారి కన్ను గురించి అదివరకు పెట్టుకున్న మొర ఆయనకు గుర్తే. "చూడయ్యా. ఒక గోడ ఎర్రగా ఉన్నంతకాలం నీ మాట నేను పైన ఎత్తలేను. రెండు గోడలూ పచ్చబడనీ. మీ మామగారి కన్ను నాది అనుకో."

ఆఫీసరుకు కుడి కంపెనీ అమ్మాయి తోడు దొరికింది. తెర పోతే ఆమె ఉద్యోగం పోతుంది. ఇద్దరూ క్యాంటీన్లో కూర్చుని చల్లారిన టీ ముందు పెట్టుకుని ఆలోచించారు. యాప్ గడపలోనే జనాన్ని ఆపేస్తోంది. ఆ గడప మంత్రిగారు కట్టించింది. దాన్ని తీయడం ఆ ఇద్దరి తరం కాదు.

"నమూనా పౌరుడని ఒక ఏర్పాటుంది సార్," అంది ఆమె. "నిజం మనిషి కాదు. యాప్ దానంతటది పనిచేస్తోందో లేదో చూడటానికి, మేమే ఒక ఉత్తుత్తి మనిషిని చేసి నిమిషానికోసారి పంపిస్తాం. బుక్ చేస్తాడు, వెంటనే రద్దు చేసుకుని పోతాడు. అతనికి అక్షరాలూ కెమెరా అక్కర్లేదు. తెరకు అతన్ని మాత్రమే చూడమని చెప్పొచ్చు."

"మిగతావాళ్ళో?"

"వాళ్ళు ఉంటారు సార్. తెర వాళ్ళని చూడదు."

ఆఫీసరు ఆలోచించాడు. మనసులో మామగారి కన్ను మెదిలింది. "పెట్టెయ్యమ్మా," అన్నాడు.

కుడి గోడ పచ్చబడింది. కానీ పచ్చ చుక్క పడ్డ ప్రతిసారీ, రద్దు కాగానే పక్కన ఒక నారింజ చుక్క పడేది. కార్యదర్శిగారు వచ్చి చూశారు. "ఈ మచ్చలేమిటి?"

"బుకింగ్ రద్దు చేసుకుంటున్నాడు సార్, నమూనా పౌరుడు."

"ఎందుకు రద్దు చేసుకోవాలి? ప్రభుత్వం పిలిచి తారీకు ఇస్తే వద్దంటాడా? అంత పొగరేమిటి? రద్దు ఆపించండి."

ఆపించారు. నమూనా పౌరుడు నిమిషానికో ఆపరేషన్ బుక్ చేసుకుంటూ, ఏదీ వదులుకోకుండా, సాయంత్రానికల్లా ఆ ఏడాది తారీకులన్నీ తీసేసుకున్నాడు. మర్నాడు పొద్దుటికి వచ్చే ఏడాదివి అయిపోయాయి. తారీకులు లేవని చెబితే తెర ఎర్రబడుతుంది కనుక, ఆ పై ఏడాదులు తెరిచారు. రెండు తెరలూ పొలంలా కళకళలాడాయి. బుకింగుల్లో రికార్డు సాధించామని మంత్రిగారు ప్రకటించారు. ఆయన ఫొటో చివరికి కిటికీకి అడ్డంగా పెట్టారు. గదిలోకి ఎండ రావడం ఆగిపోయింది. తెరలు ఇంకా బాగా కనిపించాయి.

పెద్దాస్పత్రి నుంచి కంటి డాక్టరు కార్యదర్శిగారికి ఫోన్ చేశాడు. ఆయన గొంతు ఖాళీ గదిలోంచి వచ్చినట్టు మోగుతోంది.

"ఏమండీ, రోజంతా బుకింగులు కనిపిస్తున్నాయి. ఒక్కడూ రాడు. నేనూ నర్సమ్మా చేతులు కడుక్కుని కూర్చుంటున్నాం. కడిగి కడిగి చర్మం ఊడొచ్చేలా ఉంది. బయట మెట్ల మీద ఒకరిద్దరు రోగులు కనిపించారు, పిలిచి చేసెయ్యనా?"

కార్యదర్శిగారు అదిరిపడ్డారు. "బుకింగ్ లేనివాళ్ళకా! అది అక్రమం."

"పోనీ, రోగి రాలేదని రాసుకోనా?"

"రాస్తే తెరమీద పడుతుంది."

"మరేం చేయమంటారు?"

"ఆపరేషన్ అయిందనే బటన్ ఒకటుంది కదా. మీకు శ్రమెందుకు, బుకింగ్ కాగానే దానంతటదే పడేలా ఇక్కణ్ణించి ఏర్పాటు చేయిస్తాను. మీరు హాయిగా పేపరు చదువుకోండి."

ఏర్పాటు జరిగింది. అడ్డంకులు ఒక్కొక్కటిగా తొలగిపోయాక సంక్షేమం ఎంత వేగంగా పోతుందో అప్పుడు తెలిసింది. నమూనా పౌరుడికి నిమిషానికో కంటి ఆపరేషన్ జరిగిపోతోంది. కోతల్లో ఒక్కటీ వికటించలేదు. ఒక్క ఫిర్యాదు రాలేదు. చీము, వాపు, నొప్పి, ఏమీ లేవు. ఆ ఫలితాలు చూసి ఇరుగుపొరుగు ప్రభుత్వాలు ఆశ్చర్యపోయి, చూసిరమ్మని బృందాలను పంపాయి. బృందాలు తెరలు చూసి, భోంచేసి వెళ్ళాయి.

ఇక లబ్ధిదారుణ్ణి సన్మానించాలని మంత్రిగారు పట్టుబట్టారు. "మనిషిని చూపించండి. చూపు వచ్చిన మనిషిని నేను కౌగలించుకోవాలి."

కార్యదర్శిగారు తెరల ఆఫీసరును పిలిచారు. "మీ మామగారికి కంటి జబ్బుంది కదూ?"

"పొర సార్. నెలాఖరు దగ్గరకొచ్చింది. మీరు చూస్తానన్నారు."

"చూస్తున్నాను కాబట్టే పిలిచాను. ఆయన్ని వేదిక మీదికి తీసుకురా. నల్లకళ్ళద్దాలు పెట్టించు. వేదిక ఎక్కనిచ్చేది, ఆపరేషన్ అయిందని యాప్‌లో ఆరోగ్య కార్డు నంబరు ఎక్కినవాళ్ళనే. నమూనా పౌరుడి పేరు దగ్గర మీ మామగారి కార్డు నంబరు ఎక్కించు."

ఆఫీసరు కుర్చీలో కూర్చుని తన చేత్తోనే నంబరు ఎక్కించాడు. ఎక్కించాక ఒక సంగతి తట్టింది. నమూనా పౌరుడికి రాబోయే తారీకులన్నీ ఉన్నాయి. నమూనా పౌరుడు ఇప్పుడు మామయ్య. అంటే ఏ రోజు ఏ వేళకు వెళ్ళినా ఆ తారీకు మామయ్యదే. జీవితంలో మొదటిసారి తాను తెలివైనవాణ్ణని అతనికి అనిపించింది. ఇంటికి వెళ్ళి భార్యకు చెబితే ఆమె కూడా ఒప్పుకుంది. పెళ్ళయ్యాక అదే మొదలు.

సభకు జనాన్ని బస్సుల్లో తెచ్చారు. మామగారికి నల్లకళ్ళద్దాలు పెట్టి ఆఫీసరు చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు. మంత్రిగారు ఆయన్ని కౌగలించుకుని మైకు అందించారు.

"తాతా, ఎలా కనిపిస్తోంది లోకం?"

"మీరొచ్చాక అంతా ఒకేలా ఉంది బాబూ," అన్నాడు మామగారు.

చప్పట్లు. సమానత్వం గురించి పెద్దాయన ఒక్క ముక్కలో చెప్పాడని మంత్రిగారు వివరించారు.

"నన్ను చూశావుగా. ఎలా ఉన్నాను?"

"ఫొటోలో ఉన్నట్టే ఉన్నారు. ఎప్పుడు చూసినా ఏమీ మారలేదు."

మళ్ళీ చప్పట్లు. మనిషెత్తు అట్ట సర్టిఫికెట్టు చేతికిచ్చారు. ఆయన దాన్ని వేళ్ళతో తడిమి చూసి, పక్కకు వంగి అల్లుడితో అన్నాడు: "అంచు సరిగ్గా కత్తిరించలేదయ్యా."

మర్నాడు పొద్దున్నే ఆఫీసరు సెలవు పెట్టి మామగారిని పెద్దాస్పత్రికి తీసుకెళ్ళాడు. పూలకుండీలు దాటి, ఊడ్చిన మెట్లెక్కి లోపలికి వెళితే డాక్టరు పేపరు పక్కన పడేసి పరుగున ఎదురొచ్చాడు. మనిషిని చూసి చాలాకాలమైంది ఆయనకు. కన్ను పరీక్షించాడు.

"ఇంకా టైముంది. ఇవాళ చేస్తే బాగా చూస్తాడు. సూదిలో దారం కూడా ఎక్కిస్తాడు. నర్సమ్మా, వేడినీళ్ళు!"

కుర్చీలో ముసలాయన ముఖం వెలిగింది. "దారం సంగతి అలా ఉంచండి బాబూ. మా అల్లుడి జేబు ఎటు కుట్టానో ముందు చూడాలి. అమ్మాయి రోజూ నవ్వుతోంది, ఎందుకో చెప్పదు."

కంట్లో పెట్టే కృత్రిమ కటకం ఒక ఇనపబీరువాలో ఉంటుంది. యాప్ ఒప్పుకుంటేనే దాని తాళం తెరుచుకుంటుంది. కటకాలు పక్కదారి పట్టకుండా చేసిన ఏర్పాటది. డాక్టరు మామగారి కార్డు నంబరు కొట్టాడు. బీరువా ఆలోచించింది. తరవాత దాని తలుపుకున్న చిన్న తెరమీద అక్షరాలు వచ్చాయి.

"ఏమంటోంది?" అన్నాడు ఆఫీసరు.

డాక్టరు కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఈయనకు రెండు కళ్ళకూ ఆపరేషన్లు పూర్తయ్యాయట. లెక్క ఒక వరసలో పట్టలేదు. రాబోయే ఏడాదుల్లో చేయాల్సినవి కూడా చేసేశారట. ఇక ఈ మనిషికి కటకం ఇవ్వడం కుదరదంటోంది."

"అది తప్పు సార్. మీరే ఇప్పుడు చూశారు కదా కన్ను."

"నేను చూశాను. బీరువా చూడలేదు. మళ్ళీ కొట్టనా?"

మళ్ళీ కొట్టాడు. కాదంది. ఇంకోసారి కొట్టాడు. కాదంది. నర్సమ్మ వేడినీళ్ళు తెచ్చి గుమ్మంలో నిలబడింది.

అప్పుడు ఆఫీసరు ఫోను మోగింది. అలవాటుకొద్దీ లేచి నిలబడ్డాడు. కార్యదర్శిగారు.

"ఎక్కడున్నావయ్యా? కుడి తెరమీద ఎర్ర చుక్కలు పడుతున్నాయి! ఇప్పటికి మూడు! బయటి ప్రభుత్వం బృందం ఇక్కడ నిలబడి ఉంది!"

"సార్, తెర నమూనా పౌరుణ్ణి మాత్రమే..."

"వాడే! పెద్దాస్పత్రిలో నమూనా పౌరుడికి ఏదో కాలేదంటోంది తెర. కుడి కంపెనీ అమ్మాయి ఎంత మంచి తెర చేసిందయ్యా, ఏ గదిలో, ఏ బీరువా దగ్గర చిక్కుకున్నాడో కూడా చూపిస్తోంది. ఎవరున్నారక్కడ? తీసెయ్యండి!"

"సార్, మా మామగారు..."

"మీ మామగారి సంగతి నేను చూస్తానన్నానుగా. ముందు అక్కడున్న మనిషిని కదిలించు. మంత్రిగారు లిఫ్టులో ఉన్నారు."

ఆఫీసరు ఫోను చెవికి ఆనించుకునే మామగారి కుర్చీ దగ్గరికి వెళ్ళాడు. డాక్టరు పేపరు మడతపెట్టి మళ్ళీ విప్పాడు. నర్సమ్మ నీళ్ళు చల్లారకుండా మూత పెట్టింది.

"లేవండి మామయ్యా," అన్నాడు ఆఫీసరు.

మామగారు అల్లుడి చెయ్యి పట్టుకుని లేచాడు. డాక్టరు బీరువా తెరమీద తాను కొట్టిన నంబరు చెరిపేశాడు. ఫోన్లో కార్యదర్శిగారి గొంతు మెత్తబడింది. "ఆఁ, పోయాయి. పచ్చబడింది. శభాష్! రండి మంత్రిగారూ, చూడండి సార్, నిమిషంలో..."

మెట్లు దిగుతూ ముసలాయన అడిగాడు. "ఏమంటున్నాడయ్యా మీ పెద్దాఫీసరు?"

"మీ సమస్య పరిష్కారమైందంటున్నారు మామయ్యా."